గురి తప్పడం, లెక్క తప్పడం

మేము నివసించే ఊరు నేస్. ఐరిష్ భాషలో ఈ ఊరి పూర్తి పేరుకు రాజులు కొలువుతీరే చోటు అని అర్థం. ఒకప్పుడు లెన్‌స్టర్ రాజులు ఇక్కడ సభ తీర్చేవారు. ఇప్పుడిది కిల్డేర్ కౌంటీకి ముఖ్య పట్టణం. రాజులు వెళ్లిపోయారు గాని గుర్రాలు మిగిలాయి. ఊళ్లో ఒక పందెపు మైదానం ఉంది, పక్కనే పంచెస్‌టౌన్‌లో మరొకటి ఉంది. గుర్రాల తరువాత ఇక్కడివారికి ప్రీతిపాత్రమైనది గోల్ఫు. నేస్ గోల్ఫ్ క్లబ్బు 1896లో స్థాపించినది. కొద్ది మైళ్ల దూరంలో స్ట్రఫాన్ అనే పల్లె ఉంది. అక్కడి కె క్లబ్బులో 2006లో యూరప్, అమెరికా జట్లు రైడర్ కప్పుకోసం తలపడ్డాయి.

ఇటువంటి చోట కాపురం పెట్టినవారు ఎంతకాలం గోల్ఫుకు దూరంగా ఉండగలరు? మేమూ ఉండలేకపోయాము. మా ఇంటివారెవరూ ఈ ఆట ఎరుగరు. మన దేశానికి గోల్ఫు కొత్తది కాదు. కలకత్తాలోని రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బు 1829 నాటిది, హైదరాబాదులో గోల్కొండ కోట నయాఖిలా దగ్గరే ఒక మైదానం ఉంది. అయినా మా పెద్దలకు గోల్ఫంటే దొరల ఆట. మాకు తెలిసిన కర్ర ఆట బిళ్లంగోడు ఒక్కటే. కర్రతో బిళ్లను లేపి కొట్టడం, అది ఎంతదూరం పోయిందో అదే కర్రతో కొలవడం, కొలతలో తగవులాడుకోవడం, చీకటి పడ్డాక ఇంటికి పోయి తిట్లు తినడం. గోల్ఫు నేర్చుకోబోయినప్పుడు ఆ పాత అలవాటు చేతులకు కొంత ఉపకారం చేసింది, కొంత అపకారమూ చేసింది. తగవులాడే అలవాటు సంగతి ముందుముందు చెబుతాము.

ఈ వ్యాసంలో మేము అంటే భార్యాభర్తలమిద్దరం. కర్ర పట్టి ఆడినది ఒకరే గాని, ఆ తరువాత జరిగినదానిలో ఇద్దరికీ పాలు ఉంది. కనుక ఎవరు ఏ మాట అన్నదీ విడదీసి చెప్పము.

ఆ రోజు మే నెలలో ఒక శనివారం. ఊరి పక్కన ఉన్న ఒక మైదానంలో సభ్యుల పోటీ. మాతో ఆడినవారు ఇద్దరు ఐరిష్ పెద్దమనుషులు. పన్నెండేళ్ల మా అమ్మాయి బండి లాగుతానని వెంట వచ్చింది. ఆ వారం ఆదివారపు తెలుగు తరగతిలో వారికి తెలుగు అంకెలు నేర్పారు. మనం పుస్తకాలలో చూసే 1, 2, 3 కావు, పాత పంచాంగాలలో ఉండే అసలైన తెలుగు అంకెలు. వాటిని సాధన చేస్తానని ఒక ఖాళీ స్కోరు కార్డు, పొట్టి పెన్సిలు జేబులో వేసుకుంది. మేము దానిని పెద్దగా పట్టించుకోలేదు.

గోల్ఫు తెలియని పాఠకులకోసం నాలుగు మాటలు. మైదానంలో పద్దెనిమిది హోల్స్ ఉంటాయి. ఒక్కొక్క హోల్‌కు, బాగా ఆడేవాడు ఇన్ని దెబ్బలలో బంతిని గుంటలో వేయాలని ఒక లెక్క ఉంటుంది. దానిని పార్ అంటారు. మావంటి సామాన్యులకు కొన్ని దెబ్బలు సడలింపుగా ఇస్తారు, అది హ్యాండిక్యాప్. ఆ రోజు పోటీ స్టేబుల్‌ఫర్డ్ పద్ధతిలో జరిగింది. సడలింపు తీసివేశాక పార్‌కు సమానంగా ఆడితే రెండు పాయింట్లు, ఒక దెబ్బ ఎక్కువైతే ఒక పాయింటు, అంతకు మించితే సున్న. సున్నకు కింద ఏమీ లేదు. ఒక హోల్‌లో ఏడు కొట్టినా పదిహేడు కొట్టినా అదే సున్న. మొత్తం ముప్పై ఆరు పాయింట్లు వస్తే మన స్థాయికి తగినట్టు ఆడామని అర్థం.

మొదటి తొమ్మిది హోల్స్‌లో మాకు ఇరవై పాయింట్లు వచ్చాయి. ఇది మా చరిత్రలో లేని సంగతి. నాలుగవ హోల్‌లో ఇరవై అడుగుల దూరంనుంచి తోసిన బంతి, ఎవరో పిలిచినట్టు వంపు తిరిగి గుంటలో పడింది. పెద్దమనుషులలో ఒకాయన టోపీ ఎత్తి అభినందించాడు. తొమ్మిదవ హోల్ ముగించి పదవదానికి నడుస్తున్నప్పుడు, నిజం చెప్పాలంటే, మా నడక మారింది. నేస్ అంటే రాజుల కొలువు గదా. ఆ రెండు నిమిషాలు ఆ పేరు సార్థకమైనట్టే తోచింది.

పదవ హోల్‌నుంచి కథ మారింది. బంతి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు, ఒకసారి చెట్టుకు. ఐర్లండులో గాలి పొద్దున్నుంచీ ఒకే తీరుగా వీస్తూనే ఉంది. కాని మొదటి సగంలో అది మాకు కనబడలేదు, రెండవ సగంలో అది తప్ప మరేమీ కనబడలేదు. బంతి నేరుగా పోయినప్పుడు మా చేతివాటం, పక్కకు పోయినప్పుడు గాలివాటం. లెక్కలు తారుమారు చేయడం స్కోరు కార్డు మీద కాదు, ఇక్కడే మొదలైందని ఇప్పుడు అనిపిస్తున్నది.

పదమూడవ హోల్ పార్ నాలుగు. అక్కడ మాకు ఒక దెబ్బ సడలింపు. మొదటి దెబ్బకు బంతి కుడివైపు మోకాలి ఎత్తు గడ్డిలోకి పోయింది. తోటి ఆటగాళ్లు ఎడమవైపు తమ బంతుల దగ్గర ఉన్నారు. మేము గడ్డిలో బంతిని కనుగొని, కర్ర ఎత్తి కొట్టాము. కర్ర బంతి మీదుగా పోయింది. గడ్డి ఊగింది, బంతి కదలలేదు. వెంటనే మరొకసారి కొట్టాము. ఈసారి బంతి బయటపడింది. తరువాత రెండు దెబ్బలకు గుంట ఉన్న పచ్చికకు చేరి, ఇంకో రెండు దెబ్బలకు గుంటలో వేశాము. మా కార్డు రాసే పెద్దాయన ఎంత అని అడిగాడు. నోటికి ఆరు అని వచ్చింది.

ఆరు అయితే ఒక పాయింటు. ఏడు అయితే సున్న.

గోల్ఫు నియమాలలో దెబ్బ అనే మాటకు నిర్వచనం ఉంది. బంతిని కొట్టాలనే ఉద్దేశంతో కర్రను ముందుకు ఊపితే అది దెబ్బ. కర్ర బంతికి తగిలిందా లేదా అనేది ప్రశ్న కాదు. అదే, సాధన కోసం గాలిలో ఊపితే అది దెబ్బ కాదు. అంటే బయటినుంచి చూసేవారికి రెండూ ఒకే తీరుగా కనబడతాయి. తేడా అంతా ఊపినవాడి మనసులో ఉన్నది. ఆ హోల్‌లో సాక్షి ఎవరంటే మన మనసే. చిత్రగుప్తుడు చిట్టా పుస్తకం మన చేతికే ఇచ్చి, నువ్వే రాసుకో నాయనా అని వెళ్లిపోయినట్టు ఉంటుంది ఈ ఆట.

మిగిలిన హోల్స్ కూడా అంతంత మాత్రంగానే ముగిశాయి. రెండవ సగంలో వచ్చినవి పది పాయింట్లు. మొత్తం ముప్పై. కార్డు మీద సంతకం చేసి ఇచ్చి, కారు ఎక్కాము. బహుమతికి ముప్పై పాయింట్లు ఆమడదూరంలో లేవు. అందరికీ అది మరచిపోదగిన ఒక శనివారం.

సాలిన్స్ దారిలో దీపాల దగ్గర కారు ఆగినప్పుడు వెనుక సీటునుంచి మా అమ్మాయి అడిగింది. "నాన్నా, ఆ గడ్డిలో కొట్టింది ఉత్తుత్తి దెబ్బ కాదు కదా?"

ఉత్తుత్తి అనే మాట దానికి వాళ్ల అమ్మమ్మ నేర్పింది. ఉత్తుత్తి పెళ్లి, ఉత్తుత్తి వంట, ఉత్తుత్తి ఏడుపు. నిజం కాకపోయినా నిజంలా ఆడుకునేదంతా ఉత్తుత్తి. ఇంత చక్కగా ఆ మాటను వాడినందుకు ఇంకొక సమయంలో అయితే మురిసిపోయేవాళ్లము. ఆ సమయంలో మాత్రం దీపం పచ్చబడింది, కారు కదిలింది, సమాధానం రాలేదు.

ఇంటికి వచ్చాక, పిల్ల పైకి వెళ్లాక, మేమిద్దరం దీని గురించి మాట్లాడుకున్నాము. ఒకరం, కొట్టే ముందు ఒకసారి ఊపి చూసుకోవడం అందరూ చేసేదేనని అన్నాము. ఒకరం, ఒక్క పాయింటుకు ఇంత రాద్ధాంతం దేనికని అన్నాము. ఎవరికి నష్టం జరిగింది? బహుమతి రాలేదు, ఎవరి బహుమతీ తప్పిపోలేదు. కార్డు రాసిన పెద్దాయనకు అనుమానమే రాలేదు. అసలు ఆ మొదటి ఊపు సాధనే కావచ్చు గదా, మనసులో ఏముందో ఎవరు చెప్పగలరు? ఇవన్నీ మంచి వాదనలే. మనిషికి తన తరఫున వాదించుకోవలసి వచ్చినప్పుడు ప్రతివాడూ దిగ్గజమంతటి న్యాయవాది అవుతాడు. బిళ్లంగోడులో కొలత దగ్గర తగవులాడిన విద్య ఇప్పుడిలా పనికి వచ్చింది. కాకపోతే ఈసారి అవతలి పక్షం లేదు.

మహాభారతంలో ద్రోణుడు పడిపోయిన ఘట్టం పిల్లలకు చాలాసార్లు చెప్పాము. ఏనుగు పేరూ గురుపుత్రుడి పేరూ ఒకటే. ధర్మరాజు చెప్పిన మాటలో అబద్ధమనదగిన అక్షరం లేదు. వినవలసిన మాట వినబడకుండా చెప్పాడు, అంతే. అప్పటిదాకా నేలకు నాలుగు అంగుళాలు పైన నడిచిన ఆయన రథం ఆ క్షణంలో నేలకు తాకిందని కథ. పిల్లలకు చెప్పినప్పుడు మాకెప్పుడూ ధర్మరాజు మీద కొంచెం జాలి కలిగేది; అంత పెద్ద యుద్ధం, అంత ఒత్తిడి. మా పదమూడవ హోల్‌లో యుద్ధమేమీ లేదు. రథం దిగిపోవడానికి అసలు అది ఎప్పుడు పైకి లేచిందన్నది వేరే ప్రశ్న. మొదటి తొమ్మిది హోల్స్‌లో లేచిందేమో.

ఇక్కడే మాకు ఒక సంగతి తట్టింది. ఆ రోజు మొదటినుంచీ చెత్తగా ఆడి ఉంటే, ఏడు అని చెప్పడానికి మేము ఒక్క క్షణం ఆలోచించేవాళ్లము కాదు. నవ్వుతూ, గాలిని కొట్టామండీ అని చెప్పి, తోటివారిని కూడా నవ్వించేవాళ్లము. చెప్పనివ్వకుండా అడ్డుపడినది ఆ ఇరవై పాయింట్లు. టోపీ ఎత్తిన పెద్దమనిషి ముందు, పన్నెండేళ్ల పిల్ల ముందు, అంత బాగా ఆడిన మనిషి బంతిని తాకలేకపోయాడని ఒప్పుకోవడం కష్టమైంది. మనిషిని చెడగొట్టేది వైఫల్యమని సాధారణంగా అనుకుంటాము. ఆ రోజు మమ్మల్ని చెడగొట్టినది విజయం. ఎగుడుదిగుడు ఆటలో దిగుడును భరించలేకపోవడానికి కారణం, ఎగుడును అప్పుడే మనదని రాసేసుకోవడం.

పెద్ద ఆటగాళ్లకు ఇవేమీ ఉండవని అనుకోవడానికి లేదు. మన తెలుగు కుటుంబాలలో గోల్ఫు గురించి మాట వస్తే ముందుగా వినబడే పేరు సాహిత్ తీగల. తల్లిదండ్రులు హైదరాబాదునుంచి అమెరికా వెళ్లినవారు. ఆయన 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. చిన్ననాటినుంచి వెన్నెముక వంపు ఉన్నా ఆట మానలేదు. 2022లో ఆయన రెండుసార్లు గెలుపు అంచుదాకా వచ్చి జారిపోయాడు. ఫీనిక్స్‌లో చివరినుంచి రెండవ హోల్‌లో కొట్టిన బంతి నేల తాకి, ఎడమకు గెంతి, నీళ్లలో పడింది. ఆ తరువాత కనెటికట్‌లో చివరి హోల్‌కు ఒక దెబ్బ ఆధిక్యంతో వచ్చి, ఇసుకగుంటలోనుంచి బంతిని ఒక్కసారిగా బయటకు తీయలేక రెండు దెబ్బలు ఎక్కువ తీసుకున్నాడు. మొదటి విజయం 2023 సెప్టెంబరులో నాపాలో దక్కింది.

అయితే మేము మా అమ్మాయికి చెప్పదలచుకున్నది ఆ విజయం కథ కాదు. 2024 ఆగస్టు 31న అట్లాంటాలోని ఈస్ట్ లేక్ మైదానంలో టూర్ చాంపియన్‌షిప్ మూడవ రోజు ఆట జరుగుతున్నది. మూడవ హోల్‌లో ఆయన బంతి ఇసుకలో ఉంది. ఇసుకలో ఉన్న బంతిని కొట్టబోతూ కర్రను వెనక్కు ఎత్తేటప్పుడు అది ఇసుకను తాకరాదు. తాకితే రెండు దెబ్బల జరిమానా. కొట్టాక ఆయనే అధికారిని పిలిచి, కర్ర కొన్ని రేణువులను తాకిందని తనకు అనిపించిందని చెప్పాడు. చిత్రాలు తిప్పి చూసినా అది స్పష్టంగా తేలలేదని ఆనాటి వార్తలు. తాకిందని తనకు దాదాపు ఖాయంగా తెలుసునని, అందుకే జరిమానా తీసుకున్నానని ఆయన చెప్పాడు. మరునాడు ఆట ముగిసేసరికి ఆయనది మూడవ స్థానం. రెండవ స్థానంలో నిలిచిన కాలిన్ మొరికావాకు సరిగ్గా రెండు దెబ్బలు వెనుక. రెండవ స్థానానికి కోటీ ఇరవై ఐదు లక్షల డాలర్లు, మూడవదానికి డెబ్బై ఐదు లక్షలు. ఆ రెండు దెబ్బలు లేకుంటే తక్కిన ఆట అంతా అలాగే సాగేదని ఎవరూ చెప్పలేరు. కాని కాగితం మీద లెక్కకు, కొన్ని ఇసుక రేణువుల ధర ఇరవై ఐదు లక్షల డాలర్ల దాకా పలికింది.

దీనికి దాదాపు వందేళ్ల ముందు, 1925లో, బాబీ జోన్స్ అనే మహా ఆటగాడు అమెరికా జాతీయ పోటీలో మొదటి రోజున, పొడుగు గడ్డిలో తన బంతి కదిలిందని తనంతట తానే చెప్పి ఒక దెబ్బ వేసుకున్నాడు. వేరెవరూ చూడలేదు. చివరికి మరొకరితో సమానంగా నిలిచి, విజేతను తేల్చే ఆటలో ఓడిపోయాడు. ఆ ఒక్క దెబ్బ లేకుంటే నేరుగా గెలిచేవాడు. జనం పొగిడితే ఆయన చిరాకు పడ్డాడట. దొంగతనం చేయలేదని ఒకరిని సన్మానించడం ఏమి మర్యాద అని ఆయన భావం. ఆ చిరాకు మాకు నచ్చింది. మా ఇంట్లో ఆ రాత్రి కావలసినది కూడా అదే. నిజం చెప్పడాన్ని ఒక ఘనకార్యంగా పిల్లల ముందు ప్రదర్శిస్తే, అది మరో రకం ఇరవై పాయింట్లు అవుతుంది.

తెలుగులో ఒక విచిత్రం ఉంది; మన పిల్లలు దీనిని గమనించాలని మా కోరిక. గురి తప్పింది అంటాము. దారి తప్పింది అంటాము. లెక్క తప్పింది, మాట తప్పాడు, వావివరుసలు తప్పాడు అంటాము. చేసిన పాపాన్నీ తప్పు అంటాము, లెక్కలో దొర్లిన పొరపాటునూ తప్పు అంటాము. చివరికి, ఎలాగైనా చేసి తీరవలసిన పనిని తప్పదు అంటాము. వేరు వేరు విషయాలకు ఒకే ధాతువు. ఇంగ్లీషులో చదువుకునే పిల్లలకు ఇది గందరగోళం. గురి తప్పిన బంతీ మాట తప్పిన మనిషీ ఒకే మాటలోకి ఎలా వచ్చారని మా అమ్మాయి ఒకసారి అడిగింది. అప్పుడు జవాబు తెలియలేదు. పదమూడవ హోల్ తరువాత కొంత తెలిసింది. ఆ రెండూ ఒకటి కావు గాని, ఒకదాని పక్కనే మరొకటి ఉంటుంది. గురి తప్పిన బంతినుంచి తప్పుడు లెక్కకు మధ్య దూరం ఎంత? పెద్దాయన ఎంత అని అడిగినప్పటినుంచి మేము ఆరు అన్నంతవరకు. ఒక ఊపిరి కూడా పట్టదు.

గురి తప్పడంలో దోషం లేదు. అందుకు మేము సిగ్గుపడనక్కరలేదు, పిల్లలను సిగ్గుపడనివ్వకూడదు. గోల్ఫును కనిపెట్టినవారు, దాని లెక్కలు దిద్దినవారు ఈ సంగతి మనకన్నా బాగా ఎరుగుదురు. స్టేబుల్‌ఫర్డ్ పద్ధతికి ఆ పేరు ఒక వైద్యుడినుంచి వచ్చింది. ఇంగ్లండులో లివర్‌పూల్‌కు ఎదురుగా, సముద్రతీరాన వాలసీ అనే చోటు ఉంది. అక్కడి గాలికి రెండు హోల్స్ చెడిపోగానే ఆటగాళ్లు నిరాశపడి ఆట మీద మనసు పోగొట్టుకునేవారు. ఒక హోల్ నాశనమైనా దాని నష్టం అక్కడికే ఆగిపోయేటట్టు డాక్టర్ ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్ ఈ పాయింట్లు కల్పించాడు. 1932లో వాలసీ క్లబ్బులో దీనితో పోటీ జరిగింది. వైద్యుడు కనుక, గాయాన్ని ఒళ్లంతా పాకనివ్వకుండా కట్టు కట్టాడని మేము అనుకుంటాము. హ్యాండిక్యాప్ లెక్క ఇంకా ఉదారమైనది. 2020నుంచి అమలులోకి వచ్చిన ప్రపంచ పద్ధతిలో, మన చివరి ఇరవై ఆటలను తీసుకొని, వాటిలో మెరుగైన ఎనిమిదింటి సగటునే మన స్థాయిగా లెక్కిస్తారు. తక్కిన పన్నెండు ఆటలను చూసీ చూడనట్టు పక్కన పెడతారు.

ఇది తెలిసినప్పుడు మేము చాలాసేపు ఆశ్చర్యపడ్డాము. మనుషులను మనం ఎలా లెక్కిస్తాము? బడినుంచి వచ్చిన కాగితంలో ఏడు మంచి మార్కులు, ఒక తక్కువ మార్కు ఉంటే, మన వేలు ఎక్కడికి పోతుంది? ఇరవై ఏళ్ల స్నేహంలో ఒక్క పెళ్లికి పిలవనందుకు ఎన్ని కుటుంబాలు మాటలు మానుకోలేదు? మన వాడుక చూస్తే, ఇరవైలో అతి చెడ్డ ఒక్కదానితోనే మనిషిని కొలుస్తున్నాము. మెరుగైన ఎనిమిదింటితో కొలవడం ఒక ఆటకు చేతనైనప్పుడు మన ఇళ్లలో ఎందుకు చేతకాదు?

కాని ఈ ఔదార్యానికి ఒక షరతు ఉంది. ఇరవై కార్డులూ నిజమైనవై ఉండాలి. అబద్ధపు కార్డులనుంచి మెరుగైన ఎనిమిదింటిని ఏరినా ఏమీ తేలదు. ఏడును ఆరుగా రాస్తే క్షమించడానికి అక్కడ ఏడు లేదు. (దీనికి తలకిందుల మోసం ఒకటి ఉంది: పెద్ద పోటీలో ఎక్కువ సడలింపు దొరుకుతుందని, కావాలని చెడ్డ కార్డులు ఇచ్చేవారు ఉంటారు. తమ గొప్పను దాచుకోవడంలో ఇంత శ్రమపడేవారిని మరే రంగంలోనూ చూడము.) మన పల్లె ఆటలలో చిన్నపిల్లలను ఆటలో అరటిపండు అని చేర్చుకునేవారు. వాళ్లు ఔటయినా ఔటు కాదు, కొట్టినా లెక్క కాదు. నాలుగేళ్ల పిల్లకు అది ముద్దే. పెద్దవాడు తన తప్పు లెక్కలోకి రాకుండా చూసుకుంటే, తెలియకుండానే తనను తాను అరటిపండుగా చేసుకున్నట్టు. అతని మంచి దెబ్బలకు కూడా ఇక లెక్క లేదు. మా నాలుగవ హోల్‌లో వంపు తిరిగి గుంటలో పడిన ఆ బంతి గురించి మాకు అదే బాధ కలిగింది. పదమూడును మార్చినందుకు నాలుగు కూడా అనుమానంగా కనబడసాగింది.

జయాపజయాలను సమంగా చూడాలని మన పెద్దలు చెప్పే సమత్వం గురించి కూడా ఆ రాత్రి ఆలోచించాము. భగవద్గీతను ఆధారం చేసుకొని స్టీవెన్ ప్రెస్‌ఫీల్డ్ అనే అమెరికా రచయిత 1995లో ఏకంగా ఒక గోల్ఫు నవలే రాశాడు. అందులో ఆటగాడి పేరు ఆర్. జూనా. కలిపి పలికి చూడండి. సమత్వమంటే ఏ దెబ్బయినా ఒకటేనని చేతులు దులుపుకోవడమని ఇన్నాళ్లూ మాకొక అభిప్రాయం ఉండేది, అందుకే అది మావంటివారికి కుదరదని అనుకునేవాళ్లము. ఇప్పుడు వేరుగా తోస్తున్నది. ఆటను సమంగా ఆడడం ఎవరి వల్లా కాదు. 2019లో పోర్ట్‌రష్‌లో, సొంత గడ్డ మీద, రోరీ మెకల్‌రాయ్ మొదటి హోల్‌లోనే ఎనిమిది కొట్టి, ఆ రోజును 79తో ముగించాడు. మరునాడు 65 కొట్టి, ఒక్క దెబ్బ తేడాతో పోటీనుంచి తప్పుకోవలసి వచ్చింది. అదే మనిషి, అదే మైదానం, ఒక రాత్రి తేడా. ఆయన 79వ వాడా, 65వ వాడా? రెండూ ఆయన సంతకంతోనే ఉన్నాయి. సమత్వం బంతికి సంబంధించినది కాకపోవచ్చు, సంతకానికి సంబంధించినది కావచ్చు. నాలుగవ హోల్‌లో మూడు రాసిన చేతితోనే, అదే వేగంతో, పదమూడులో ఏడు రాయగలగడం. ఇంతకన్నా పెద్ద సమత్వం మహాత్ములకు ఉంటుంది. మాకు ఇంతే చాలు, ఇదే చేతకాలేదు.

ఆదివారం పొద్దున పోటీ చూసేవారికి ఫోను చేసి సంగతి చెప్పాము. ఉన్నదానికన్నా తక్కువ అంకెకు సంతకం చేస్తే పోటీనుంచి తొలగిస్తారన్నది నియమం; అలాగే తొలగించారు. అవతలివారు మర్యాదగా మాట్లాడి, వర్షం వచ్చేటట్టు ఉందని చెప్పి ఫోను పెట్టేశారు. మొత్తం రెండు నిమిషాలు. మాలో ఒకరం ఇప్పటికీ, ఆ మొదటి ఊపు నూటికి నూరుపాళ్లు దెబ్బేనా అని అప్పుడప్పుడు అంటాము. ఇంకొకరం ఏమీ అనము.

అమ్మాయికి చెప్పడమే కష్టమైంది. కార్డు తప్పు రాశామని, దిద్దుకున్నామని, పేరు తీసేశారని చెప్పాము. అది తింటున్న ఇడ్లీ ఆపలేదు. "సరే నాన్నా" అని, వచ్చే శనివారం బండి తాను లాగనా లేక మేమే లాగుతామా అని అడిగింది. ఉపన్యాసం ఏదో సిద్ధం చేసుకున్నాము గాని, అవసరం లేదని తెలిసి మింగేశాము.

తరువాతి శుక్రవారం సాయంత్రం, మరునాటి ఆటకు సంచీ సర్దుతూ ఉంటే పక్క జేబులో నలిగిన కార్డు ఒకటి దొరికింది. వారం కిందట తెలుగు అంకెలు సాధన చేస్తానని అది తీసుకువెళ్లిన కార్డు. ఆ రోజు మా ఆటంతా అందులో పొట్టి పెన్సిలుతో, గుండ్రటి పిల్లచేతి రాతలో ఉంది. కొన్ని అంకెలు రెండుమూడుసార్లు చెరిపి రాసింది. ౫ దానికి సరిగా రాదు. నాలుగవ గడిలో ౩ పక్కన ఒక చిన్న నక్షత్రం గీసింది. పదమూడవ గడిలో ౭ ఉంది. అక్కడ చెరిపిన గుర్తు లేదు. అన్నిటికీ కింద పాయింట్ల మొత్తం వేసింది: ౨౯.